అధిక కర్బన ఉక్కు కత్తులు - తుప్పు నివారణ

అధిక కర్బన ఉక్కు కత్తి అనగా సుమారు 0.6 శాతము నుండి 1.5 శాతము వరకు కర్బనము కలిగి, క్రోమియము లేని లేదా అతి స్వల్పముగా ఉన్న ఉక్కుతో చేసిన కత్తి. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి కంటె ఇది సులభముగా పదునెక్కుతుంది. అయితే తడి తగిలి ఆరకుండా ఉంటే కొద్ది గంటలలోనే తుప్పు పడుతుంది. తెలుగువారి ఇళ్ళలోని పాత కత్తిపీటలు, కొబ్బరికాయలు కొట్టే మచ్చుకత్తులు, మాంసము దుకాణములలోని కత్తులు ఈ తరగతికి చెందినవి, లేదా దీని సరిహద్దులో ఉన్నవి. ఈ వ్యాసములో తుప్పు ఎందుకు పడుతుందో, దానిని ఎలా నివారించవచ్చునో, పట్టిన తుప్పును ఎలా తొలగించవచ్చునో, హైదరాబాదు వంటిళ్ళను, ముఖ్యముగా హైటెక్ సిటీ పరిసరములలోని అపార్టుమెంటులను దృష్టిలో ఉంచుకొని వివరించడమైనది.

కత్తిపై ఏర్పడే పొరలు ముఖ్యముగా రెండు రకములు. నల్లని లేదా బూడిద-నీలి రంగు పొర ఉక్కును అంటిపెట్టుకొని ఉండి కొంతవరకు రక్షిస్తుంది. ఎర్రని లేదా నారింజ రంగు పొర ఉక్కును తినివేస్తుంది. ఈ భేదము తెలియక నల్లపొరను కూడా మురికి అనుకొని ప్రతిసారి తోమివేయుట వలన కత్తికి మేలు కంటె కీడే ఎక్కువ జరుగుతుంది.

కర్బనము, క్రోమియము

కర్బనము తగినంత ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచితే అది మిక్కిలి గట్టిపడుతుంది. అంతటితో వదలిన గాజువలె పెళుసుగా ఉంటుంది కనుక, కత్తులను మరల సుమారు 150 నుండి 220 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి పెళుసుదనమును తగ్గిస్తారు. తుప్పు తొలగించే పద్ధతులను ఎంచుకొనునపుడు ఈ ఉష్ణోగ్రతతో పని పడుతుంది.

కర్బనము ఎక్కువ కావుట వలననే కత్తి తుప్పు పడుతుందని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. కర్బనము దాదాపు లేని మెత్తని ఇనుము కూడా తుప్పు పడుతుంది. 440సి అనే స్టెయిన్‌లెస్ ఉక్కులో సుమారు 1 శాతము కర్బనమున్నా, 16 నుండి 18 శాతము క్రోమియము ఉన్నందున అది తుప్పును తట్టుకుంటుంది. ఉక్కులో క్రోమియము కనీసము 10.5 శాతము ఉంటే దాని ఉపరితలముపై కొన్ని నానోమీటర్ల మందము గల క్రోమియము ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడినా ఈ పొర తనంతట తానే మరల ఏర్పడుతుంది. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డు నగరములో హారీ బ్రియర్లీ ఇటువంటి ఉక్కును తయారుచేసిన తరువాతనే తుప్పు పట్టని వంటింటి కత్తులు ప్రచారములోనికి వచ్చినవి. అంతకు పూర్వము లోకములోని కత్తులన్నిటికీ తుప్పు సమస్య ఉండేది.

అయినప్పటికీ అధిక కర్బన ఉక్కు కత్తులు కనుమరుగు కాలేదు. క్రోమియము కర్బనముతో కలిసి ఏర్పరచే గట్టి రేణువులు సాధారణ స్టెయిన్‌లెస్ ఉక్కులో పెద్దవిగా ఉండి, సానరాతిపై పదును పెట్టునపుడు అడ్డుపడతాయి. కర్బన ఉక్కు వాదర సన్నగా, త్వరగా తేరుతుంది. మన గ్రామములలో కమ్మరులు పాత లారీల కమాను పట్టీలను కొట్టి కత్తులు, కొడవళ్ళు చేయుట పరిపాటి. ఈ పట్టీలలో కర్బనము సుమారు 0.5 - 0.6 శాతము ఉంటుంది. పాత ఆకురాళ్ళలో ఇది 1 శాతము మించి ఉంటుంది కనుక చిన్న కత్తులకు వాటిని కూడా వాడతారు. జపానులో 'తెల్ల కాగితపు ఉక్కు' అని పిలిచే రకములో (దానికి చుట్టే కాగితపు రంగును బట్టి ఈ పేరు వచ్చినది) సుమారు 1 శాతమునకు పైగా కర్బనము ఉంటుంది, క్రోమియము కలపరు.

తుప్పు ఏర్పడే విధానము

తుప్పు పట్టుటకు ఇనుముతో పాటు నీరు, ఆమ్లజని రెండూ కావలెను. కత్తిపై నిలిచిన నీటి బిందువు ఒక చిన్న విద్యుత్ ఘటమువలె పనిచేస్తుంది. బిందువు నడిమి భాగమునకు గాలి తక్కువగా అందుతుంది, అంచులకు ఎక్కువగా అందుతుంది. నడుమ ఇనుము కరిగి ఎలక్ట్రానులను వదలుతుంది. అంచుల వద్ద ఆమ్లజని, నీరు వాటిని గ్రహించి హైడ్రాక్సైడుగా మారతాయి. ఈ రెండూ కలిసి, మరికొంత ఆమ్లజనిని పీల్చుకొని, నీరు కలిసిన ఇనుప ఆక్సైడుగా ఏర్పడుటయే తుప్పు. నీటిబొట్టు ఆరిన చోట నడుమ గుంట, చుట్టూ ఎర్రని వలయము కనబడుటకు ఇదే కారణము.

తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ స్థలమును ఆక్రమిస్తుంది. అది పొడిపొడిగా, రంధ్రములతో ఉంటుంది కనుక క్రింది ఉక్కును కప్పి కాపాడలేదు. పైపెచ్చు తేమను పట్టి ఉంచుతుంది. అందుచేత తుప్పు ఉన్నచోటనే మరింత తుప్పు పడుతుంది. పిడిలోనికి చొచ్చిన భాగము కనబడకుండా తుప్పు పట్టి, ఉబ్బి, చెక్క పిడిని పగలగొట్టుట కూడా కద్దు.

ఉప్పు ఈ చర్యను బాగా వేగిరపరుస్తుంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేయుటయే గాక, దానిలోని క్లోరైడు ఇనుముపై ఏర్పడే రక్షక పొరలను ఛేదిస్తుంది. చేతి చెమటలోనూ ఉప్పు ఉన్నందున, తుడవకుండా దాచిన కత్తిపై వేలిముద్రల ఆకారములోనే తుప్పు కనబడుతుంది.

కంటికి కనబడే నీరే ఉండనక్కరలేదు. గాలిలోని తేమ ఒక స్థాయిని దాటగానే తుప్పు వేగము హఠాత్తుగా పెరుగుతుందని 20వ శతాబ్దపు తొలి సగములో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వెర్నన్ తన ప్రయోగములతో చూపించాడు. దుమ్ము, పొగ ఉన్న గాలిలో ఈ స్థాయి సుమారు 60 శాతము సాపేక్ష ఆర్ద్రత.

నల్లపొర

అరటికాయ, వంకాయ కోసిన కత్తిపీట నల్లబడుట, అరటికాయ ముక్కలు కూడా నల్లబడుట అందరికీ తెలిసినదే. ముక్కలను మజ్జిగ కలిపిన నీటిలో వేయుట ఇందుకే. ఈ కాయలలోని టానిన్లు, వాటికి దగ్గరి పదార్థములు ఇనుముతో కలిసి నల్లని సమ్మేళనములను ఏర్పరుస్తాయి. కరక్కాయ, ఇనుము కలిస్తే వచ్చే నలుపు కూడా ఇదే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్టపై, తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన ద్రావణముతో గీసినపుడు నల్లని గీత వచ్చుట ఈ చర్య వలననే. అనగా కత్తిపీటకు శత్రువైన తుప్పు అక్కడ ముడిసరుకు.

ఉల్లిపాయ, నిమ్మ, మాంసము కోసినపుడు కూడా కత్తిపై నీలి, బూడిద రంగు మచ్చలు వస్తాయి. కొన్ని వారముల వాడుకలో ఇవి కలిసిపోయి సమానమైన ముదురు పొర ఏర్పడుతుంది. ఇది తుప్పును పూర్తిగా ఆపలేదు గాని, కొత్తగా మెరుస్తున్న ఉక్కు కంటె ఇటువంటి కత్తి నిదానముగా తుప్పు పడుతుంది. కూరగాయల రుచి, రంగు మారుట కూడా తగ్గుతుంది. ఈ పొరను ముందుగానే తెప్పించదలచినవారు కత్తిని సబ్బుతో కడిగి, నూనె జిడ్డు లేకుండా చేసి, చిక్కని చల్లారిన టీ డికాక్షనులో కొంచెము వెనిగరు కలిపి కొన్ని గంటలు ఉంచుతారు. పొర ముదురు బూడిద రంగుకు వచ్చిన తరువాత కడిగి, ఆరబెట్టి, నూనె రాయవలెను.

ఢిల్లీ ఇనుప స్తంభమును ఈ సందర్భములో కొందరు ఉదహరిస్తారు. ఆ స్తంభము అధిక కర్బన ఉక్కు కాదు. దాని ఇనుములో భాస్వరము ఎక్కువగా ఉండుట వలన ఉపరితలముపై ఇనుప ఫాస్ఫేటు పొర ఏర్పడి రక్షించుచున్నదని కాన్పూరు ఐఐటీ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం 2000 ప్రాంతములో వివరించాడు. కత్తి ఉక్కులో అంత భాస్వరము ఉంటే అది పెళుసై విరిగిపోతుంది కనుక ఆ ఉపాయము కత్తులకు పనికిరాదు.

హైదరాబాదు పరిస్థితులు

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున, సముద్రమునకు దూరముగా ఉన్నది. విశాఖపట్నము, కాకినాడలలో వలె ఉప్పుగాలి లేదు. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నములలో గాలి ఎంతో పొడిగా ఉంటుంది. ఆ కాలములో నిర్లక్ష్యముగా వదలిన కత్తి కూడా అంతగా పాడవదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాకాలములో మాత్రము గాలిలోని తేమ చాలా రోజులు పైన చెప్పిన 60 శాతమునకు మించి ఉంటుంది. వేసవిలో అలవాటైన అశ్రద్ధ జూలైలో బయటపడుతుంది.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతములు బహుళ అంతస్తుల నివాసములతో నిండినవి. ఊరినుండి తెచ్చుకున్న కత్తిపీట, విదేశమునుండి తెచ్చుకున్న జపాను కత్తి ఒకే వంటింటిలో కనబడుట ఇక్కడ వింత కాదు. ఈ వంటిళ్ళలో తుప్పుకు కారణములు పల్లెటూరి వంటింటికి కొంత భిన్నముగా ఉంటాయి.

మొదటిది నీరు. చాలా భవనములలో గొట్టపు బావి నీరు, ట్యాంకరు నీరు వాడుకలో ఉన్నవి. గ్రానైటు నేలలోని ఈ నీటిలో కరిగిన లవణములు ఎక్కువ. బొట్టు ఆరిన చోట తెల్లని మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ తేమను పట్టి ఉంచుతుంది. చివరి కడుగు శుద్ధిచేసిన త్రాగునీటితో చేయుట అతిశయముగా తోచవచ్చును గాని, ఒక గ్లాసు నీటితో అయ్యే పని. రెండవది గిన్నెలు కడిగే యంత్రము. వేడినీరు, క్షారగుణము గల డిటర్జెంటు, గంటల తరబడి మూసిన ఆవిరి - ఈ మూడూ కలిసిన చోట కర్బన ఉక్కు కత్తిని ఎంతమాత్రము ఉంచరాదు. మూడవది శీతల యంత్రము. చల్లని గదిలో ఉంచిన కత్తిని వర్షాకాలములో బయటకు తీసిన వెంటనే దానిపై సన్నని మంచు పడుతుంది. అటువంటపుడు తుడిచిన తరువాతనే తిరిగి పెట్టవలెను. నాలుగవది, బహుశా అన్నిటికంటె సాధారణమైనది, సింకు. ఉదయము ఉపాహారమునకు ఉల్లిపాయ కోసి, కత్తిని సింకులో వదలి కార్యాలయమునకు పోయి, రాత్రి తిరిగి వచ్చి చూస్తే పన్నెండు గంటల తుప్పు సిద్ధముగా ఉంటుంది.

నివారణ

పని ముగిసిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొన్ని నిమిషములు గాలికి ఉంచుట వలననే తుప్పులో అధికభాగము రాకుండా పోతుంది. నిమ్మ, చింతపండు, మామిడికాయ వంటి పుల్లని వస్తువులు కోయునపుడు పని మధ్యలో కూడా ఒకసారి తుడవవలెను. వాదర నుండి కాక వెన్ను వైపు నుండి తుడుచుట చేతికి క్షేమము.

కొన్ని రోజులు వాడకుండా ఉంచదలచినపుడు పలుచగా నూనె పూయవలెను. ఏ నూనె అన్నది ముఖ్యము. పొద్దుతిరుగుడు, నువ్వుల నూనెలు గాలికి నెమ్మదిగా చిక్కబడి జిగురుగా మారతాయి. అవిసె నూనె పూర్తిగా గట్టిపడుతుంది. అది చెక్క పిడికి మంచిది, అలుగుకు కాదు. కొబ్బరినూనె, ఆముదము ఆరిపోని నూనెలు. పూర్వము మన ఇళ్ళలో ఇనుప పనిముట్లకు ఆముదము రాయుటలో ఈ గుణము ఉపయోగపడినది. ఆముదము చిక్కగా ఉండి చాలాకాలము నిలుస్తుంది, అయితే వంటకు ముందు సబ్బుతో కడగక తప్పదు. కొబ్బరినూనె వంటింటి కత్తికి అనువైనది. నెలల తరబడి నిలవ ఉంచితే మాత్రము ముక్క వాసన వస్తుంది. ఆహారమునకు పనికివచ్చే స్థాయి ఖనిజ తైలము చెడిపోదు. మోటారు బండ్లకు వాడే నూనెలను ఆహారము తాకే కత్తికి పూయరాదు.

దాచే విధానములో ఒక సాధారణ పొరపాటు తోలు ఒర. తోలు తేమను పీల్చుకుంటుంది, దానిలో తోలు పదును చేయుటకు వాడిన లవణములు మిగిలి ఉండవచ్చును. కనుక కత్తిని ఒరలో ఉంచి మరచిపోరాదు. తడి అట్ట, వార్తాపత్రిక, బిగుతైన ప్లాస్టిక్ సంచి కూడా ఇటువంటివే. పొడి చెక్క ఒర, లేదా నూనె పూసి పొడిగుడ్డలో చుట్టుట మేలు. కొత్త చెప్పుల పెట్టెలలో వచ్చే సిలికా జెల్ పొట్లములు మూసిన పెట్టెలో కొంత ఉపయోగపడతాయి, అయితే అవి తేమతో నిండిన తరువాత నిష్ప్రయోజనము.

విజయదశమికి చేసే ఆయుధపూజ వర్షాకాలము ముగిసే సమయమునకు వస్తుంది. ఏడాదిలో ఎక్కువ తుప్పు పట్టే నెలలు గడచిన పిమ్మట పనిముట్లన్నిటినీ తీసి, తోమి, తుడుచుటకు ఇది అనుకూలమైన కాలము. అయితే నీటితో కలిపిన పసుపు, కుంకుమలను ఉక్కుపై రోజుల తరబడి వదలివేస్తే వాటి క్రిందనే తుప్పు మొదలవుతుంది. పూజ అయిన మరునాడు కడిగి నూనె రాయుట మంచిది.

తుప్పు తొలగించుట

'తుప్పు వదలగొట్టుట' అను మాట తెలుగులో గట్టిగా మందలించుటకు కూడా వాడుక. కత్తి విషయములో మాత్రము గట్టిదనము పనికిరాదు. తుప్పుతో పాటు మంచి ఉక్కు ఎంత తక్కువ పోతే అంత మంచిది. అందుచేత మెత్తని పద్ధతితో మొదలుపెట్టి, అది చాలనప్పుడే తరువాతి దానికి పోవలెను.

అప్పుడే పట్టిన నారింజ రంగు పొర నూనె చుక్క వేసి గుడ్డతో రుద్దినా పోతుంది. పోనిచో వంటసోడాను కొద్ది నీటితో ముద్దచేసి, సీసా బిరడాతోగాని కొబ్బరి పీచుతోగాని రుద్దవలెను. పూర్వము జల్లించిన బూడిద, మెత్తని ఇటుకపొడి ఇందుకు వాడేవారు. ఇటుకపొడిలో ముతక రేణువులుంటే గీతలు పడతాయి, ఆ గీతలలో మరల తేమ నిలుస్తుంది. మొండి తుప్పుకు నూనెతో తడిపిన సన్నరకపు గరుకు కాగితమును (600 లేదా అంతకు పై అంకె) వాడవచ్చును. రుద్దుట ఎల్లప్పుడూ ఒకే దిశలో, అలుగు పొడవునా జరగవలెను.

నిమ్మరసము, వెనిగరు, చింతపండు పులుసు తుప్పును కరిగిస్తాయి. వీటిలో వరుసగా సిట్రిక్, ఎసిటిక్, టార్టారిక్ ఆమ్లములు ఉన్నవి. ఇత్తడి పాత్రలకు అలవాటైన చింతపండును ఇనుమునకు కూడా వాడుట సులభమే, అయితే ఆమ్లము తుప్పు వద్ద ఆగక ఉక్కును కూడా తింటుంది. పదిహేను, ఇరవై నిమిషములకు ఒకసారి తీసి చూడవలెను, రాత్రంతా నానబెట్టరాదు. గట్టిపరచిన ఉక్కును ఆమ్లములో ఎక్కువసేపు ఉంచితే, చర్యలో పుట్టిన ఉదజని ఉక్కులోనికి చొచ్చి దానిని పెళుసు చేయగలదు. తీసిన వెంటనే వంటసోడా నీటితో కడిగి, మరల మంచినీటితో కడిగి, తుడిచి, నూనె రాయవలెను. ఈ చివరి పని ఆలస్యమైతే శుభ్రమైన ఉక్కుపై నిమిషములలోనే పలుచని కొత్త తుప్పు కనబడుతుంది. ఉప్పు, నిమ్మకాయ కలిపి రుద్దుట ఇళ్ళలో ప్రచారములో ఉన్న పద్ధతి. ఉప్పులోని క్లోరైడు గుంటలలో మిగిలిపోతుంది కనుక దీనిని మానుటయే మంచిది.

పలుచని ఎర్ర తుప్పును తీయకుండా నల్లపొరగా మార్చే ఉపాయము కూడా ఉన్నది. కత్తి అలుగును లవణములు లేని శుద్ధజలములో పదిహేను, ఇరవై నిమిషములు మరిగిస్తే ఎర్ర ఆక్సైడు చాలావరకు నల్లని మాగ్నటైటుగా మారుతుంది. తుపాకుల గొట్టములకు రంగు తెచ్చే పాత పద్ధతులలో ఇదొకటి. నీరు మరిగే 100 డిగ్రీలు పైన చెప్పిన 150 డిగ్రీల కంటె తక్కువ కనుక కత్తి గట్టిదనమునకు హాని లేదు. అయితే లక్కతో బిగించిన పిడి వేడికి ఊడిపోతుంది. చెక్క పిడి నీటిలో మునగరాదు.

విద్యుత్ విశ్లేషణ పద్ధతిలో బట్టల సోడా నీటిలో కత్తిని ఋణధ్రువముగా, ఒక పాత ఇనుప ముక్కను ధనధ్రువముగా ఉంచి 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పంపుతారు. లోతైన తుప్పు వదులై ఊడివస్తుంది, ఉక్కు కరగదు. ఇందులో మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ధనధ్రువముగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు, దానినుండి విషపూరితమైన క్రోమియము సమ్మేళనములు నీటిలోనికి వస్తాయి. సోడాకు బదులు ఉప్పు వేయరాదు, క్లోరిను వాయువు పుడుతుంది. వెలువడే ఉదజని మండే వాయువు కనుక మూసిన గదిలో, నిప్పు దగ్గర చేయరాదు. అపార్టుమెంటు బాల్కనీ ఇందుకు చాలును, వంటిల్లు తగదు. ఉదజని వలన పెళుసుదనము వచ్చే ప్రమాదము ఇక్కడ కూడా ఉన్నది.

కత్తికి అన్నిటికంటె ఎక్కువ నష్టము చేసేది విద్యుత్ సాన చక్రము. చక్రము రాపిడికి సన్నని వాదర క్షణములలో 200 డిగ్రీలు దాటుతుంది. ఉక్కు లేత పసుపు రంగుకు తిరిగితే హద్దుకు వచ్చినట్లు. సుమారు 300 డిగ్రీల వద్ద వచ్చే నీలిరంగు కనబడితే ఆ మేరకు గట్టిదనము పోయినట్లే. తుప్పు పోయి మెరుపు వస్తుంది గాని, అటుపిమ్మట పదును నిలవదు. దానిని మరల కమ్మరి కొలిమిలో కాల్చి గట్టిపరచుట తప్ప వేరు మార్గము లేదు. వీధులలో తిరిగే సానవారి కాలితో త్రొక్కే చక్రము ఇంత వేగముగా తిరగదు, నీటితో తడుపుతూ పట్టిస్తే భయము లేదు.

తుప్పు కత్తి గీసుకుంటే ధనుర్వాతము వస్తుందనే నమ్మకము గురించి ఒక మాట. తుప్పు స్వయముగా వ్యాధికారకము కాదు. ధనుర్వాతమునకు కారణము మట్టిలో, పశువుల పేడలో ఉండే ఒక బాక్టీరియా. మట్టిలో పడి ఉన్న కొడవలి తుప్పుతో పాటు ఆ మట్టిని కూడా మోస్తుంది కనుక ఈ నమ్మకము పుట్టి ఉండవచ్చును. లోతైన గాయమైతే కత్తి మెరుస్తున్నా, తుప్పు పట్టినా వైద్యుని సంప్రదించి టీకా విషయము తెలుసుకొనవలెను.

పాత ఆయుధముల విషయములో

ఇంతవరకు చెప్పినది వాడుక కత్తులకు వర్తిస్తుంది. తాతముత్తాతల నాటి కత్తి, బాకు ఇంటిలో దొరికినపుడు ఇవేవీ చేయరాదు. దీనికి తెలంగాణలోనే బలమైన కారణము ఉన్నది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మూసలలో కరగించి చేసే ఉక్కుకు పేరుపొందిన గ్రామము. ఇక్కడి తయారీ విధానమును గురించి హెచ్.డబ్ల్యు. వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు వ్రాసిన వివరణ 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురితమైనది. ఈ ఉక్కును కొనుటకు పర్షియా వర్తకులు ఆ గ్రామమునకు వచ్చేవారు. 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె కూడా నీటి అలల వంటి చారలు తేరే ఉక్కు గోల్కొండ రాజ్యము నుండి వచ్చేదని వ్రాశాడు. ఐరోపా వారు దీనిని 'వూట్జ్' అన్నారు. ఈ పేరు తెలుగు, కన్నడ భాషల 'ఉక్కు' నుండి వచ్చినదని సాధారణముగా అంగీకరిస్తారు. ఇందులో కర్బనము సుమారు 1.5 శాతము.

ఈ ఉక్కు కత్తులపై కనబడే అలలవంటి చారలు నిజానికి అదుపులో పెట్టిన తుప్పు వంటి చర్య వలన బయటపడినవే. అలుగును నునుపు చేసి, ఇనుప సల్ఫేటు కలిసిన ఖనిజ ద్రావణమును పూస్తే కర్బనము ఎక్కువగా ఉన్న గట్టి వరుసలు తెల్లగా మిగిలి, తక్కిన భాగము నల్లబడుతుంది. చింతపండుతోనో గరుకు కాగితముతోనో తోమితే ఆ చారలు మాసిపోతాయి, వాటితో పాటు ఆ కత్తి ఎక్కడిదో, ఏ ఉక్కుదో తెలిపే సాక్ష్యము కూడా పోతుంది. తుప్పు క్రింద బంగారు తీగతో పొదిగిన అక్షరములు ఉన్న సందర్భములలో నష్టము ఇంకా ఎక్కువ.

ఇటువంటి కత్తి దొరికితే చేతి తొడుగులతో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, పొడిచోట ఉంచి, మ్యూజియము సంరక్షకులకు చూపవలెను. సంరక్షకులు సూక్ష్మదర్శిని క్రింద చిన్న పరికరములతో తుప్పును కొద్దికొద్దిగా తీసి, నూనెకు బదులు సూక్ష్మ స్ఫటిక మైనమును పూస్తారు. ఈ మైనపు మిశ్రమమును 1950లలో బ్రిటిష్ మ్యూజియములో రూపొందించారు. నూనె వలె అది దుమ్మును పట్టదు.

హైదరాబాదులో ఇటువంటి ఉక్కు ఆయుధములను చూడదలచినవారు 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన సాలార్‌జంగ్ మ్యూజియములోని ఆయుధముల విభాగమును దర్శించవచ్చును. మ్యూజియము 1968లో మూసీ ఒడ్డున ఉన్న నేటి భవనములోనికి మారినది. అక్కడి కత్తులను పరిశీలనగా చూస్తే, చాలావాటి అలుగులు వంటింటి కత్తి వలె తళతళ మెరవవు. వాటి రంగు బూడిద, నలుపుల మధ్య ఉంటుంది.